ఆరుబయట బాలల ఛాయాచిత్రములు

పసిబిడ్డ ఒక్క క్షణమైనను కుదురుగా ఉండదని తల్లులందరికిని తెలియును. ఛాయాచిత్రకళ పుట్టిన తొలినాళ్ళలో ఇదియే పెద్ద చిక్కు. 1839లో పారిస్ నగరమున డాగెర్ పద్ధతి వెల్లడియైనప్పుడు, మంచి ఎండలో సైతము చిత్రము పలకపై పడుటకు కొన్ని నిమిషములు పట్టుచుండెను. కదలకుండుటకు పెద్దవారి తల వెనుక ఇనుప ఊత నిలిపెడివారు. పసివారిని మాత్రము, కుర్చీ అనిపించునట్లు నిలువెల్ల గుడ్డ కప్పుకొని తల్లియే పట్టుకొనెడిది. ఆ శతాబ్దమునాటి అట్టి చిత్రములు నేటికిని నిలిచియున్నవి. వానిలో బిడ్డ ముఖము కనబడును; తల్లి ముఖము కనబడదు.

1843లో స్కాట్లండు నందలి ఎడిన్‌బరోలో హిల్ అను చిత్రకారుడును, ఆడమ్సన్ అను యువకుడును కలిసి పని మొదలుపెట్టిరి. వారిది టాల్బట్ కనుగొనిన కాగితపు పద్ధతి. ఇంటిలోని వెలుతురు దానికి చాలదు. కావున కుర్చీలను, తెరలను ఆరుబయటకు తెచ్చి, చూచువారికి గదివలె తోచునట్లు అమర్చిరి. సమీపమున నున్న న్యూహేవెన్ అను బెస్తపల్లె పిల్లలను గూడ చిత్రించిరి. తండ్రి లాగు తొడిగిన బాలుని చిత్రము వానిలో పేరుగాంచినది.

తరువాతి చరిత్ర యంతయు కాలమును కుదించిన చరిత్ర. 1851లో ఆర్చర్ ప్రకటించిన కొలోడియన్ పద్ధతిచే నిమిషములు సెకనులైనవి. 1871లో మాడక్స్ సూచించిన జెలటిన్ పొడిపలక, ఇతరుల కృషిచే మెరుగుపడి, సెకనులో స్వల్పభాగము చాలుననిపించెను. 1900లో ఒక డాలరు వెలగల బ్రౌనీ కెమెరా పిల్లల చేతికే వచ్చెను. 1997లో కాలిఫోర్నియాలో ఫిలిప్ కాన్ తన కెమెరాను సెల్‌ఫోనుతో జతపరచి, అప్పుడే పుట్టిన కుమార్తె చిత్రమును మిత్రులకు పంపెను.

నేటి ఫోను పగటి వెలుతురులో సెకనులో వెయ్యవవంతున చిత్రమును పట్టగలదు. కాలపు చిక్కు తీరినది. వెలుతురు చిక్కు తీరలేదు. నడిమధ్యాహ్నము సూర్యుడు నడినెత్తిన ఉండుటచే కనుగుంటలలో నల్లని నీడ పడును. బిడ్డ కనులు చికిలించును. ఫోనులో వెలుతురును గ్రహించు పలక చిటికెన వ్రేలి గోరంతయే. మిక్కిలి తెల్లనిదానిని, మిక్కిలి నల్లనిదానిని అది ఒకేసారి చక్కగా పట్టజాలదు. కావున బిడ్డను వసారా అంచున నీడలో నిలిపి, ముఖమును బయటి ఆకాశమువైపు త్రిప్పవలెను. అప్పుడు విశాలమైన ఆకాశము నుండియు, ఎదుటి గోడ నుండియు మెత్తని వెలుతురు ముఖముపై పడును. ఫోనును బిడ్డ కన్నుల ఎత్తునకు దింపవలెను. మరీ దగ్గరగా తీసినచో ముక్కు పెద్దదిగా కనబడును. రెండడుగులు వెనుకకు జరుగుట మేలు.

ఉపాధ్యాయులు దీనిని బడిలోనే చూపవచ్చును. మధ్యాహ్నము ఒకే విద్యార్థిని ఎండలో ఒకసారి, వసారా నీడలో ఒకసారి చిత్రించి, రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టిన చాలును.

నాడు యంత్రము కొరకు బిడ్డను బిగించి పట్టవలసివచ్చెను. నేడు ఆ అవసరము లేదు. అయినను "కదలకు!" అను కేక మన నోట ఇంకను పోలేదు. బిడ్డను ఆడుకొననిచ్చి, మంచి నీడ చూచుకొని, ఇకమీదట మనమే కుదురుగా వేచియుండుట న్యాయము.