టర్బైన్ శాల నుంచి టీ కెటిల్ దాకా: బెర్లిన్‌లో పీటర్ బెహ్రెన్స్ (1907–1914)

భవనాల రూపకల్పన, గదుల లోపలి అమరిక, వ్యాపార సంస్థను చూడగానే గుర్తుపట్టేలా చేసే చిహ్నాలు, అక్షరాలు, ప్రకటనల తయారీ, అంటే నేడు బ్రాండింగ్ అని పిలుస్తున్న పని, ఈ మూడింటినీ ఒకే చోట చేసిపెట్టే స్టూడియోలు హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాల్లో కొత్త పోకడగా కనిపిస్తున్నా, ఈ వృత్తికి నూరేళ్లకు మించిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మొదట చెప్పుకోవలసిన ఘట్టం 1907లో బెర్లిన్‌లో జరిగింది. ఆ ఏడాది ఏఈజీ అనే జర్మన్ విద్యుత్ సంస్థ తన కర్మాగారాల నుంచి కరపత్రాల దాకా కంటికి కనిపించే ప్రతిదాని రూపాన్నీ పీటర్ బెహ్రెన్స్ (1868–1940) అనే కళాకారుడికి అప్పగించింది.

ఆ అవసరం ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఆ సంస్థ అమ్మిన సరుకు స్వభావాన్ని గమనించాలి. ఎడిసన్ పేటెంట్ల ఆధారంగా ఎమిల్ రాథెనౌ 1883లో స్థాపించిన కంపెనీ 1887లో ఏఈజీగా పేరు మార్చుకుని, ఇరవై ఏళ్లు తిరిగేసరికి విద్యుత్ కేంద్రాల భారీ యంత్రాలు మొదలుకొని ఇంటి దీపాల దాకా అన్నీ తయారుచేసే స్థితికి చేరుకుంది. విద్యుత్తు కంటికి కనిపించదు, చేతితో తాకి చూసి కొనుక్కునే వస్తువూ కాదు. పైగా అప్పటి సామాన్య గృహస్థుకు అది కొత్తది, కొంత భయం గొలిపేది. అలాంటి సరుకును నమ్మి ఇంట్లోకి రానివ్వాలంటే దానికొక స్థిరమైన, నిబ్బరమైన రూపం కావాలి. అంతకుముందు ఒట్టో ఎక్‌మన్ వంటి కళాకారులు ఏఈజీకి తీగలల్లుకున్నట్టుండే అక్షరాలు గీసి ఇచ్చినా, అవి కాగితం దాటి వస్తువుల మీదికి, గోడల మీదికి వెళ్లలేదు.

బెహ్రెన్స్ చిత్రకారుడిగా శిక్షణ పొందినవాడేగాని, భవన నిర్మాణ శాస్త్రం చదివినవాడు కాదు. హెస్సే ప్రాంతపు పాలకుడు ఎర్న్‌స్ట్ లుడ్విగ్ డార్మ్‌స్టాట్ పట్టణంలో నెలకొల్పిన కళాకారుల నివాసానికి 1899లో వెళ్లి, అక్కడ 1901 నాటికి తన ఇంటిని తానే కట్టుకున్నాడు. ఆయన గీసిన మొదటి కట్టడమే అది. గోడలతో పాటు కుర్చీలు, గాజు పాత్రలు, భోజనాల బల్ల మీది చెంచాలు కూడా ఆయనే రూపొందించాడు. వాస్తును, లోపలి అమరికను ఒకే చేయి దిద్దడం ఆ కాలపు యూరప్‌లో బెహ్రెన్స్ ఒక్కడికే పరిమితమైన విషయం కాదు. అయితే ఆ ఇళ్లన్నీ కలిగినవారి కోసం ఒక్కొక్కటిగా కట్టినవి. ఒక్క ఇంటికి పనికొచ్చిన ఆ పద్ధతిని యంత్రం మీద వేల సంఖ్యలో తయారయ్యే వస్తువులకు వర్తింపజేయడమే బెర్లిన్‌లో ఆయన సాధించిన అసలైన మలుపు.

ఏఈజీలో ఆయన హోదా కళా సలహాదారు. కంపెనీ ఉద్యోగిగా కాక, పోట్స్‌డామ్ సమీపంలోని నోయిబాబెల్స్‌బెర్గ్‌లో సొంత కార్యాలయం నడుపుకుంటూనే, సంస్థ డైరెక్టర్లతో నేరుగా మాట్లాడి నిర్ణయాలు తీసుకునే వీలు ఆయనకు కలిగింది. తేనెపట్టు గదిని తలపించే షడ్భుజి చిహ్నం, 1908లో అచ్చుకు వచ్చిన బెహ్రెన్స్ ఆంటిక్వా అనే అక్షర శైలి, వీధులను, పెద్ద హాళ్లను వెలిగించే ఆర్క్ దీపాలు, ఫ్యాన్లు, గడియారాలు, కేటలాగులు, విక్రయశాలలు ఆ కార్యాలయం నుంచే వెలువడ్డాయి. వీటిలో 1909 నాటి విద్యుత్ కెటిల్‌ను కాస్త దగ్గరగా చూడాలి. కెటిల్ ఒంటికి మూడు ఆకారాలే నిర్ణయించి, ఇత్తడి, రాగి, నికెల్ మెరుగులతో, వేర్వేరు పరిమాణాలతో, పిడులతో, మూతలతో కలిపి 30 రకాలు అమ్మకానికి పెట్టారు. విడిభాగాలు కొన్నే కాబట్టి తయారీ ఖర్చు అదుపులో ఉండేది, కొనేవారికేమో ఎంచుకునే అవకాశం మిగిలేది. పిడికి పేము చుట్టారు. కొన్నింటి పైతలానికి సుత్తితో కొట్టినట్టుండే గుంతలను యంత్రంతోనే అద్దారు. యంత్రయుగానికి నిజాయితీగల రూపాన్నిచ్చాడని పేరుపొందిన బెహ్రెన్స్ ఇక్కడ చేతిపనిని అనుకరించాడన్నది దాచవలసిన విషయం కాదు. నిన్నటిదాకా కంసాలి చేతి పాత్ర వాడిన ఇంటికి కొత్త వస్తువును చేరువ చేయడానికి ఆయన ఎంచుకున్న దారి అది.

ఇదే చిక్కు మరింత పెద్ద ఎత్తున మోవాబిట్ ప్రాంతంలోని టర్బైన్ శాలలో కనిపిస్తుంది. టర్బైన్ అంటే ఆవిరి ఒత్తిడితో తిరుగుతూ విద్యుత్ జనరేటరును నడిపే చక్రయంత్రం. దాని బరువైన భాగాలను క్రేన్లతో ఎత్తి బిగించడానికి వీలైన ఈ పొడవాటి శాలను 1908–09లో బెహ్రెన్స్, ఇంజనీరు కార్ల్ బెర్న్‌హార్డ్ కలిసి రూపొందించారు. పక్క వీధి వైపు వరుసగా నిలిచిన ఉక్కు స్తంభాల మధ్య నిలువెత్తు గాజు పలకలు కొద్దిగా లోపలికి వాలి ఉంటాయి. ప్రతి స్తంభం అడుగున, దిమ్మె మీద, బరువును నేలకు అందించే కీలు దాపరికం లేకుండా దారిన పోయేవారికి కనిపిస్తుంది. ముందు వైపు మూలలు మాత్రం కోట బురుజుల్లా బరువుగా ఉన్నా, ఆ కాంక్రీటు పలచని తొడుగే తప్ప పైకప్పును మోయదు. ఈ మూలలను బెర్న్‌హార్డే ఆక్షేపించాడు. ఇంజనీరుగా ఆయన మాట న్యాయమే. కాని ఆ ముఖభాగం పైన షడ్భుజి చిహ్నం ఉందని, నగరం చూస్తున్నది ఒక షెడ్డును కాదు, సంస్థ ముఖాన్నని గుర్తుచేసుకుంటే, వాస్తు ఎక్కడ బ్రాండింగుకు లొంగిందో ఆ మూలల్లోనే స్పష్టంగా తెలుస్తుంది. మూడు పనులను ఒకరే చేసినప్పుడు ఒకదాని అవసరం మరొకదాని నియమాన్ని వంచడం ఆనాడే మొదలైంది.

బెహ్రెన్స్ కార్యాలయం గురుకులంగానూ పనిచేసింది. వాల్టర్ గ్రోపియస్, మీస్ వాన్ డెర్ రోహే అక్కడ సహాయకులుగా ఉన్నారు. తరువాతి కాలంలో లె కార్బూజియేగా ప్రసిద్ధుడైన యువకుడు 1910–11లో కొన్ని నెలలు పనిచేశాడు. గ్రోపియస్ 1919లో వైమార్‌లో స్థాపించిన బౌహౌస్ పాఠశాల కుర్చీనీ, అక్షరాన్నీ, ఇంటినీ ఒకే విద్యగా బోధించడానికి ప్రయత్నించింది. లె కార్బూజియే 1951 నుంచి చండీగఢ్ నగర నిర్మాణానికి పూనుకోవడంతో ఆ పరంపర భారతదేశాన్నీ తాకింది.

మన దేశంలో ఈ వృత్తుల మధ్య గీతలు మరోలా పడ్డాయి. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం, నిర్ణీత అర్హతతో నమోదైనవారే ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోవాలి. అంతరాలంకరణకు గాని, చిహ్నాల రూపకల్పనకు గాని అలాంటి కట్టుబాటు లేదు. చిత్రకళ నుంచి వచ్చిన బెహ్రెన్స్ నేడు మన మధ్య ఉంటే ఆ పేరు పెట్టుకోవడానికి చాలా శ్రమపడవలసి వచ్చేది. కట్టడం కూలితే ప్రాణాలు పోతాయి కాబట్టి ఆ చట్టం అవసరమే, అందులో సందేహం లేదు. అయితే చట్టం వేసిన గీత చదువులోనూ ఉండాలన్న నియమమేమీ లేదు. హైదరాబాదు మాసబ్‌ట్యాంకులో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో వాస్తువిద్య, అంతరాలంకరణ, ప్రకటనలకు ఉపకరించే అప్లైడ్ ఆర్ట్ ఒకే సంస్థ ఛత్రం కింద ఉన్నాయి. ఆ విభాగాల విద్యార్థులు కనీసం ఒక్క పాఠానికైనా ఒకే తరగతిలో కూర్చుని, మోవాబిట్ శాలను, 1909 కెటిల్‌ను, షడ్భుజి చిహ్నాన్ని ఒకే మనిషి పనిగా కలిపి చదివే ఏర్పాటు బోధకులు చేయాలి.