సంచి ఉన్నదా, తీసిన్రా?

మిర్యాలగూడలో రైస్ మిల్లు పనికి పోయే ఒకామె, నలభై అయిదు దాటి ఉంటాయి, టీకాల రోజున మా సెంటర్ అరుగు మీద కూర్చుని కొంగుతో మెడ తుడుచుకుంటూ అన్నది: "నర్సమ్మా, మిల్లుల బాయిలర్ తెచ్చి నా కడుపుల వెట్టినట్టున్నది. రాత్రి రెండింటికి లేస్తది ఆవిరి." నేనూ చదువుకున్నదాన్నే గాని, ఆ బాధకు అంత సరిపోయే మాట ఏ పుస్తకంలోనూ చూడలేదు. వడ్లు ఉడికే చోట రోజంతా నిలబడ్డ మనిషికే ఆ మాట వస్తుంది.

1984లో ఏఎన్ఎంగా చేరి 2020లో రిటైరయ్యాను. మొదట కోదాడ పక్క పల్లెలు, తర్వాత మిర్యాలగూడ, చివరికి సూర్యాపేట. అన్నీ అప్పటి నల్లగొండ జిల్లాయే. సూర్యాపేట వేరే జిల్లా అయింది 2016లో కదా. ఈ ముప్పై ఆరేళ్లలో ముట్లాగిపోవడం గురించి ఆడవాళ్లు చెప్పుకునే మాటలు నా కళ్ల ముందే మారిపోయాయి. ఆ మార్పులో నా చెయ్యి కూడా ఉంది.

మా నాయనమ్మ దాన్ని 'ముట్లుడగడం' అనేది. ఉడగడమంటే తెగిపోవడం కాదు, మెల్లమెల్లగా తగ్గి ఆగడం. వయసుడిగింది అంటాం చూడండి, అట్లా. ఆమెకు అది ఒక రకంగా విడుదల. నెలకు మూడు రోజులు కడగా కూర్చునేది పోయింది. పచ్చడి జాడీ మూత తీయడానికి ఎవరినీ పిలవనక్కర్లేదు. దురాజ్‌పల్లి లింగమంతుల జాతరకు పోయే ఏడు తేదీలు లెక్క పెట్టుకునే బెంగ లేదు. సెగలు రాలేదా అంటే వచ్చాయి. తడిగుడ్డ, మజ్జిగ, పక్కింటి పెద్దమ్మ మాట: "నాకూ గట్లనే అయిందే, రెండేండ్లకు సల్లవడ్డది." వైద్యమంతా ఆ ఒక్క మాటలోనే ఉండేది. ఒళ్లు చల్లబడకపోయినా, తనొక్కదానికే ఇట్లా అవుతోందన్న భయం పోయేది.

ఆ లోకం మారింది నీళ్లతో. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లొదిలారు. ఎడమ కాలువ కింద మా మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు రెండు పంటలకు తిరిగాయి. మిల్లులు లేచాయి. నాట్లు గుత్తకిచ్చే రోజులొచ్చాయి. ముఠాలో ఒకామె మానేస్తే మిగతావాళ్ల మీద పడుతుంది, కూలీ పోతుంది. బురదలో వంగి రోజంతా నాటేసే మనిషికి నెలనెలా ఎక్కువ బట్ట అయితే అది ఒంటి బాధ ఒక్కటే కాదు, డబ్బు నష్టం కూడా. అప్పటికే ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకు పిల్లల ఆపరేషన్ అయిపోయేది. (క్యాంపులకు తోలుకపోయినదాన్ని నేనే, టార్గెట్లు ఉండేవి.) ఆ తర్వాత గర్భసంచితో పనేమిటన్న ప్రశ్న దానంతటదే పుట్టింది.

తొంభైల్లో హైవే మీది ఊళ్లలో నర్సింగ్‌హోమ్‌లు పెరిగాయి, స్కానింగ్ మిషన్లు వచ్చాయి. తెల్లబట్ట అని పోయినామెకు "సంచికి పుండైంది, ఉంచితే క్యాన్సరైతది" అని చెప్పి పంపేవాళ్లు. ఒక్క డాక్టర్లనే అంటే సరిపోదు. ఆ మాటను పల్లెపల్లెకు మోసింది మా ఆడవాళ్ల నోళ్లే. నాట్ల వరసలో, మిల్లు గేటు దగ్గర, పొదుపు సంఘం మీటింగులో పలకరింపే అది: "నీకు సంచి ఉన్నదా, తీసిన్రా?" తీయించుకున్నామె చెప్పేది, "పీడ వోయింది. నువ్వూ తీయించుకో, దినాం సచ్చే బదులు." నాయనమ్మ కాలంలో ధైర్యం చెప్పిన నోరే ఇప్పుడు కత్తి దారి చూపించింది. రెండూ ప్రేమతో చెప్పినవే. ఒక పొదుపు సంఘం రిజిస్టర్‌లో అప్పు తీర్మానాలు నేనే చదివాను (పెద్దాపరేషన్ అంటే సంచి తీయడమే): గేదె కొనుగోలు, కూతురి పెండ్లి, పెద్దాపరేషన్, పెద్దాపరేషన్, బోరు మోటారు, పెద్దాపరేషన్.

2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక ఆ అప్పు కూడా అక్కర్లేకపోయింది, కార్డుంటే చాలు. ఆపరేషన్లు విపరీతమై గోలయ్యాక ప్రభుత్వం ఆ పథకం కింద వీటిని సర్కారు దవాఖానలకే పరిమితం చేసింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూస్తే, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశమంతటా 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. అనవసరపు ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన పిల్‌లో, కేంద్రం మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో చెప్పింది. ఆ సంఘం రిజిస్టర్ ఈ సంగతి చాలా ముందే చెప్పింది, చదివినవాళ్లు లేరు.

మాట ఇంకో రకంగా కూడా నడవొచ్చని చూపించిన పుస్తకం ఒకటుంది. హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటన 1991లో తెచ్చిన 'సవాలక్ష సందేహాలు'. ఆ సంఘం వాళ్లే అంతకు ముందు మా సూర్యాపేట వైపు మల్లు స్వరాజ్యం లాంటి తెలంగాణ సాయుధ పోరాట స్త్రీల మాటలు సేకరించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వేశారు. పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్‌ఎన్ అనే హార్మోన్ ఇంజెక్షన్‌ను సరిగ్గా చెప్పకుండా ఆడవాళ్ల మీద పరీక్షించబోతే సుప్రీంకోర్టుకెక్కిందీ వాళ్లే. అమెరికాలో బోస్టన్ ఆడవాళ్లు 1970లో తమ ఒళ్ల గురించి తామే రాసుకున్న పుస్తకం దారిలోనే ఈ తెలుగు పుస్తకమూ నడిచింది. నా దగ్గర కాపీ ఉండేది. ఎవరికీ ఇవ్వలేదు, అట్ట వేసి బీరువాలో పెట్టుకున్నాను.

ఇక మా మరదలు సంగతి. 2001లో ఆమెకు 34 ఏళ్లు. సంచి తీయించడానికి నేనే ఆటో ఎక్కించి తీసుకెళ్లాను. ఆసుపత్రి పేరు చెప్పను. నెలలోపే ఆమెకు సెగలు, గుండెదడ, తెల్లారేదాకా మెలకువ. "సంచి తీస్తే గింతేనా వదినా?" అనేది. కొద్ది రోజులకు పోతుందన్నాను, నాయనమ్మ మాటే అరువు తెచ్చి. 2013లో బాత్‌రూంలో జారితే మణికట్టు పుటుక్కున విరిగింది. సూర్యాపేటలో ఎముకల డాక్టర్ పాత కాగితం అడిగాడు. లామినేషన్ చేయించి పసుపు కుంకుమ డబ్బా కింద దాచుకున్నదాన్ని ఆమె తీసిచ్చింది. ఇంగ్లీషు గీతల మధ్య 'టీఏహెచ్', దాని పక్కనే 'బీఎస్ఓ'. మొదటిది సంచి. రెండోది రెండు అండాశయాలూ, వాటి నాళాలూ. పన్నెండేళ్లు ఆ కాగితం మా ఇంట్లోనే ఉంది. నేను నర్సును. ఒక్కసారీ తిప్పి చూడలేదు.

సంచి ఒక్కటే తీస్తే ముట్టు ఆగుతుంది గాని అండాశయాలు ఈస్ట్రోజెన్ ఇస్తూనే ఉంటాయి. అవీ తీస్తే ఉడగడమన్నది లేదు, ఒక్క పూటలో తెగిపోవడమే. మన ఆడవాళ్లకు మామూలుగా 46 ఏళ్ల దగ్గర జరగాల్సింది ఆమెకు పన్నెండేళ్లు ముందే అయింది, ఎముకలు ఆ లెక్క కట్టుకున్నాయి. అట్లాంటివాళ్లకు, రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే జబ్బు లాంటివి లేకపోతే, ముట్లు ఆగే వయసుదాకా హార్మోన్ బిళ్లలు ఇవ్వాలంటారు. సంచి లేదు కాబట్టి ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. సంచి ఉన్నవాళ్లకు ప్రొజెస్టరాన్ కలపకపోతే లోపలి పొర మందమై క్యాన్సర్‌కు దారి తీయొచ్చు.

మరి ఆమెకెందుకు ఇవ్వలేదు? ఒకటి, అడగాలని ఎవరికీ తెలియదు. రెండు, 2002 జూలైలో అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద పరీక్షలో రెండు హార్మోన్లు కలిపిన భాగాన్ని మధ్యలో ఆపేశారు. రొమ్ము క్యాన్సర్, గుండె జబ్బు పెరిగాయని పేపర్లన్నీ రాశాయి. ఆ పరీక్షలో ఉన్నవాళ్లు 50 నుంచి 79 ఏళ్లవాళ్లు, సగటున 63. ముప్పై నాలుగేళ్లకు అండాశయాలు పోయిన కోదాడ మనిషికి ఆ లెక్క అతకదు. భయం మాత్రం అందరికీ ఒకే కొలతలో పంచారు.

కట్టు కట్టించుకుని బస్సులో వస్తున్నాం. మునగాల దాటాక ఆమె అడిగింది.

"నీ సంచి ఉన్నది గదా వదినా?"

"ఉన్నది."

"నీకూ ఎక్కువ బట్ట అయ్యేది. నువ్వెందుకు తీయించుకోలే?"

భయమేసి, అన్నాను. అది నిజమే. ఇంకొకటి కూడా అప్పుడే చెప్పాను, మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పనిది: 2009లో నాకు నలభై ఏడేళ్లప్పుడు సెగలు తట్టుకోలేక హైదరాబాద్‌లో ఒక లేడీ డాక్టర్‌కు చూపించుకుని ఏడాదిన్నర హార్మోన్ బిళ్లలు వేసుకున్నాను. ఖాళీ అట్టలు కాగితంలో చుట్టి ఊరవతల పారేసేదాన్ని, చూస్తే ఏమనుకుంటారోనని.

మరదలు ఏమీ అనలేదు. కట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు వాళ్ల మాటలాపి చాలాసేపయింది. అందులో పెద్దామె మెల్లగా వెనక్కి తిరిగి అడిగింది: "ఏం బిళ్లలు అక్కా అవి?"