విశాఖ మీద ముప్పై కిలోమీటర్లు

జూలై నెల, తెల్లవారుజాము నాలుగున్నర. విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రంలో బెలూన్ గది గుమ్మం దగ్గరే ఆపేస్తారు. "ఫోన్ బయట పెట్టీండి బాబూ." లోపల నింపుతున్నది హైడ్రోజన్ మరి, చిన్న నిప్పురవ్వ చాలు. నైలాన్ చొక్కా వేసుకొచ్చినా పనికిరాదు. గొట్టం బుసకొడుతుంటే, ముడతలు పడి ఉన్న తెల్ల రబ్బరు మెల్లగా లేచి దాదాపు మనిషెత్తవుతుంది. తాకితే చల్లగా, పౌడరు రాసినట్టు జారుతుంది. మెడ బిగించి దారం కడతారు.

ఆ దారానికి వేలాడేది రేడియోసాండ్. చేతిలో పట్టే తేలికపాటి పెట్టె, దానికి పక్కన పొడుచుకొచ్చిన సన్నటి రేకు. ఉష్ణోగ్రత, తేమ కొలిచేది ఆ రేకే. గాలి ఎటు, ఎంత వేగంగా వీస్తోందో జీపీఎస్ లెక్క తేలుస్తుంది.

4.45. వదిలేశారు. మెడ వెనక్కి వాల్చి చూసేలోగా మబ్బులో కలిసిపోయింది. ఇక చూడాల్సిందంతా లోపల, తెర మీద.

నిమిషానికి సుమారు 300 మీటర్లు పైకి. 5 కిలోమీటర్లు దాటాక సున్నా డిగ్రీలు. 16 దాటేసరికి మైనస్ 80 దరిదాపుల్లో. అంకెల కన్నా దారి చూడండి, తమాషా అక్కడుంది. మొదట పడమటి గాలి బెలూన్‌ను సముద్రం మీదికి తోసింది. పది కిలోమీటర్ల ఎత్తు దాటాక గీత గిరుక్కున తిరిగి మన్యం కొండల వైపు పరుగెత్తుతోంది.

తూర్పు జెట్ ప్రవాహం అంటే ఇదే. దీన్ని 1958లో ప్రపంచానికి వివరించిన పి. కోటేశ్వరం తర్వాత మన వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయ్యారు. వానాకాలంలో ఈ గాలి ఆగ్నేయాసియా నుంచి మన దక్షిణాది మీదుగా ఆఫ్రికా దాకా సాగుతుంది. ఒక్క దేశం ఎన్ని బెలూన్లు ఎగరేసుకున్నా దాని తోకో తొండమో దొరుకుతుంది గానీ, మొత్తం చిక్కదు.

అందుకే అందరూ ఒకే వేళకు కొలవాలి; 4.45 ముహూర్తం దానికోసమే. మనకు 5.30 అయితే గ్రీనిచ్‌లో సున్నా గంట. ప్రపంచమంతా ఆ గంటకే కొలుస్తుంది; పైకెక్కడానికి సమయం పడుతుంది గనుక బెలూన్ కాస్త ముందే వదులుతారు. సింగపూర్‌లో పొద్దెక్కింది, డార్విన్‌లో ఆఫీసుల వేళ, హవాయిలోని హిలోలో మధ్యాహ్నం. ఇలా సుమారు 900 చోట్ల, చాలావరకు రోజుకు రెండు పూటలా.

మన అంకెల ముందు 43150 అని ఉంది. 43 దక్షిణ భారతం, 150 విశాఖ; మచిలీపట్నానికి 185, హైదరాబాద్‌కు 128. ఆ గుర్తుతోనే ఈ అంకెలు ఢిల్లీ చేరి, ప్రపంచ వాతావరణ సంస్థ నెట్‌వర్క్‌లో పడి, ఇటలీలోని బొలోనాలో ఉన్న ఐరోపా సూపర్ కంప్యూటర్ దాకా వెళతాయి. బిల్లు లేదు. అత్యావశ్యక వాతావరణ సమాచారాన్ని ఉచితంగా, ఆంక్షల్లేకుండా పంచుకోవాలని ఆ సంస్థ 1995లోనే 40వ తీర్మానం చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇవే అంకెలు సైనిక రహస్యాలు! సరిహద్దుల్లో కత్తులు నూరుకునే దేశాలు కూడా ఇప్పుడు వీటిని ఇచ్చిపుచ్చుకుంటున్నాయంటే అది ఔదార్యమని నేననుకోను. రేపటి మన వాన ఇవాళ పొరుగువాడి ఆకాశంలో ఉంటుంది, అంతే.

ఆరున్నర. 30 కిలోమీటర్ల ఎత్తున రబ్బరు గదంత ఉబ్బి పగిలింది. తెర మీద ఎత్తు చూపే అంకె గబగబా పడిపోతోంది. పెట్టె ఏజెన్సీలో ఎక్కడో రాలుతుంది. దొరికినవాళ్లు బాంబేమోనని పోలీసులకు కబురు పెట్టినా పెడతారు. దాన్ని వెతుక్కుంటూ ఇక్కణ్నుంచి ఎవరూ బయల్దేరరు. సాయంత్రానికి ఇంకోటి కట్టాలి.