చిల్లిగవ్వ విలువ: నల్లగొండ లంబాడీ స్త్రీల కుట్టుపనిలో సంచార చరిత్ర

1. ఉపోద్ఘాతం

చేతిలో డబ్బు ఏమాత్రం లేదని చెప్పడానికి తెలుగువారు ‘చిల్లిగవ్వ లేదు’ అంటారు. గవ్వ చిల్లర నాణెంగా చెల్లిన కాలపు ఆర్థిక జీవితం ఈ జాతీయంలో నిలిచి ఉంది. చిల్లిపడిన గవ్వకు విలువ లేదన్నది దీనిలోని భావం. లంబాడీ స్త్రీ చేతిలో ఈ లెక్క తారుమారవుతుంది. గవ్వ వీపును అరగదీసి చిల్లి చేసిన తరువాతే అది బట్టమీద కుట్టడానికి అనువవుతుంది. మారకపు విలువను వదులుకున్న వస్తువు సంకేతంగా మారే ఈ ప్రక్రియను ఆధారం చేసుకొని, లంబాడీ కుట్టుపనిని చరిత్ర ఆకరంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

పూర్వం నల్లగొండ జిల్లాలో ఉండి, 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో భాగమైన రామన్నపేటకు సమీపాన, సంస్థాన్ నారాయణపురం, రాచకొండ గుట్టల ప్రాంతంలో లంబాడీ తండాలు ఉన్నాయి. దక్షిణాన దేవరకొండ ప్రాంతంలో వీటి సంఖ్య మరింత ఎక్కువ. లంబాడీల మాతృభాష గోర్ బోలికి సొంత లిపి లేదు. అందువల్ల వీరిని గురించిన పాత లిఖిత ఆధారాలు ఎక్కువగా ఇతరులు రాసినవే. 1909లో వెలువడిన థర్‌స్టన్ సంపుటాలు, 1920లో నిజాం రాజ్యపు కులాలు, తెగలపై సయ్యద్ సిరాజుల్ హసన్ ప్రచురించిన గ్రంథం ఇటువంటివి. లంబాడీ స్త్రీలు తమ చేతులతో తామే రూపొందించుకొన్న ఆకరం వారి దుస్తులు.

2. బిడారు బాట, కుట్టు సామగ్రి

లంబాడీ, లంబాణీ అనే పేర్లను ‘లవణ’ శబ్దంతో ముడిపెట్టే అభిప్రాయం ప్రచారంలో ఉంది. ఉప్పు, ధాన్యం ఎద్దులపై మోసుకొని దేశమంతా తిరిగిన వర్తక సమూహం ఇది. 17వ శతాబ్దిలో గోల్కొండ రాజ్యాన్ని సందర్శించిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, పది పన్నెండు వేల ఎద్దులు గల బిడారులను తన యాత్రా గ్రంథంలో వర్ణించాడు. మొగలు సేనల దక్కను దండయాత్రలకు ధాన్యం చేరవేసినవారిలో బంజారాలు ముఖ్యులు.

ఈ నేపథ్యంలో కుట్టుపని సామగ్రిని గమనించాలి. గవ్వలు ప్రధానంగా మాల్దీవుల నుండి భారతదేశానికి దిగుమతి అయ్యేవి. బెంగాల్, ఒడిశాలలో 19వ శతాబ్ది ఆరంభం వరకు అవి చిల్లర ద్రవ్యంగా చెల్లాయి. అద్దపు బిళ్ళలు, గాజుపూసలు, నాణేలు కూడా తండాలో పుట్టినవి కావు. కొనుగోలు ద్వారానో, మారకం ద్వారానో వచ్చినవే. స్థిరమైన ఇల్లు, భూమి లేని సమూహానికి సంపదను దాచుకోవడానికి శరీరం కంటే భద్రమైన చోటు లేదు. కాబట్టి ఈ వేషాన్ని కేవలం ప్రకృతి ఆరాధనకు ప్రతీకగా చూడటం సరిపోదు. అది వాణిజ్య చరిత్రకు సాక్ష్యం కూడా.

3. వేషంలోని సంకేతాలు

ఫేటియా (లంగా), కాంచళి (రవిక), టుక్రి (తలమీదుగా వేసుకొనే వస్త్రం) లంబాడీ స్త్రీ వేషంలో ప్రధానమైనవి. చెంపల పక్కన జుట్టుకు వేలాడే ఘుగ్రి, టోప్లి, మోచేతి పైభాగాన ధరించే దంతపు గాజులు వివాహిత స్థితిని తెలుపుతాయి. అద్దాల తళుకు అడవి మృగాలను దూరంగా ఉంచుతుందనీ, దిష్టి తగలనివ్వదనీ నమ్మకం. అడవి దారుల్లో రాత్రులు గడిపిన సమూహానికి ఈ నమ్మకం జీవితావసరం నుండి పుట్టినదే.

నీళ్ళకుండ కింద తలపై పెట్టుకొనే చుట్టకుదురుకు సైతం గవ్వలు కుడతారు. తీజ్ పండుగలో పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి, వాటికి నీళ్ళు పోస్తూ పాటలు పాడతారు. ఈ సందర్భంలో నిత్యం నీళ్ళు మోసే పనిముట్టే పండుగ వస్తువవుతుంది. శ్రమకూ సంకేతానికీ మధ్య గీత గీయడం ఇక్కడ కష్టం.

4. లకోటా పూసల పనితో పోలిక

సంచార జీవనానికీ కుట్టుపనికీ గల ఇటువంటి సంబంధం ఉత్తర అమెరికా మైదానాల లకోటా జాతిలోనూ కనిపిస్తుంది. లకోటా స్త్రీలు మొదట ముళ్ళపంది ముళ్ళకు రంగులద్ది తోలుపై కుట్టేవారు. ఉన్ని తోళ్ళ వర్తకం ద్వారా ఐరోపా గాజుపూసలు వచ్చాక, క్రమంగా అవి ముళ్ళ స్థానాన్ని ఆక్రమించాయి. అడవిదున్న తోలు, విదేశీ పూస కలిసి నేడు ‘సంప్రదాయం’గా గుర్తింపు పొందిన కళను రూపొందించాయి.

అడవిదున్నల మందలు నశించి, లకోటాలు రిజర్వేషన్లకు పరిమితమైన 1880ల తరువాత పూసల పని తగ్గలేదు. పైగా మరింత విస్తరించింది. చెప్పుల అడుగు భాగాన్ని సైతం పూసలతో నింపారు. అమెరికా జెండా ఒక అలంకారంగా ప్రవేశించింది. సంప్రదాయ నృత్యాలపై ఆంక్షలున్న కాలంలో జులై 4 వేడుకలు సమూహంగా కూడుకోవడానికి అవకాశమిచ్చాయి. కాబట్టి ఆ జెండాను విధేయతకు గుర్తుగా మాత్రమే చదవలేం. సంకేతానికి స్థిరమైన నిఘంటు అర్థం ఉండదనీ, చరిత్ర మారితే అర్థమూ మారుతుందనీ ఈ ఉదాహరణ తెలుపుతుంది.

5. తండా స్థిరపడిన తరువాత

1874లో వాడి–సికింద్రాబాద్ రైలుమార్గం ప్రారంభమైంది. రైళ్ళు, బండి బాటలు విస్తరించిన కొద్దీ ఎద్దుల బిడారుకు పని తగ్గింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం సంచారాన్నే అనుమానాస్పదం చేసింది. బంజారాలలో కొన్ని సమూహాలు ఆ ముద్రను మోయవలసి వచ్చింది. 1952లో ఆ చట్టం రద్దయింది. 1976 సవరణ చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. 2018 పంచాయతీరాజ్ చట్టం ఫలితంగా అనేక తండాలు ప్రత్యేక గ్రామ పంచాయతీలయ్యాయి.

హక్కుల దిశగా సాగిన ఈ ప్రయాణంలో వేషం నిత్యజీవితం నుండి తప్పుకుంది. చదువుకూ పట్నం కూలికీ వెళ్ళే యువతులు చీరను, పంజాబీ డ్రెస్సును ఎంచుకున్నారు. దుస్తుల బరువు ఇందుకు ఒక కారణం. తండా మనిషిగా వెంటనే గుర్తుపట్టి చిన్నచూపు చూస్తారన్న జంకు మరొకటి. అదే సమయంలో ఆ కుట్టు సంచులపై, దిండు గలీబులపై చేరి నగరపు అంగళ్ళలో అమ్ముడవుతోంది. కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ అమ్మకం ఆదాయాన్నిస్తుంది, దానిని తక్కువ చేయనవసరం లేదు. అయితే కొనేవారికి గవ్వ కనిపిస్తుంది గాని, దాన్ని కుట్టిన స్త్రీ ఎవరో, ఏ సందర్భానికి కుట్టేదో కనిపించదు.

6. ముగింపు

లంబాడీ కుట్టుపనిని ‘రంగురంగుల గిరిజన కళ’గా వర్ణించి వదిలివేస్తే, వర్తకం, సంచారం, నిర్బంధం, స్థిరనివాసం అనే నాలుగు దశల చరిత్ర కనుమరుగవుతుంది. ఈ కుట్టు తెలిసిన వృద్ధ స్త్రీలే దాన్ని చదివి చెప్పగలవారు కూడా. ఒక్కొక్క వస్త్రాన్ని ఎవరు, ఎవరికోసం, ఏ సందర్భంలో కుట్టారో వారి గోర్ బోలి మాటల్లోనే నమోదు చేయడం నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల పరిశోధకుల ముందున్న తక్షణ కర్తవ్యం. అలా నమోదైనప్పుడే తెలుగు జాతీయంలో విలువలేనిదిగా నిలిచిన చిల్లిగవ్వ, దక్కను చరిత్రకు విలువైన ఆధారంగా నిలుస్తుంది.