మేం మజ్దూర్లం కూడా

హైదరాబాద్ నుంచి చేవెళ్ల పోయే రోడ్డు మీద, మొయినాబాద్ దాటాక కనకమామిడి వస్తుంది. తెల్లారగట్ల ఇక్కడ బస్సు ఎక్కేవాళ్లను చూడండి. పూల మూటలతో గుడిమల్కాపూర్‌కి, కూరగాయలతో మెహిదీపట్నానికి పోయేవాళ్లు కొందరు. టిఫిన్ డబ్బా చేతపట్టుకుని పోయే వెల్డర్లు, మెకానిక్కులు, దర్జీలు, డ్రైవర్లు, మేస్త్రీలు ఇంకొందరు. మావాళ్లు కనిపించేది ఈ రెండో వరసలోనే. భూమి లేనివాడికి పనిముట్టే ఆస్తి.

అయినా ముస్లిం అనగానే చరిత్ర పుస్తకం నవాబును చూపిస్తుంది. సినిమా రౌడీని చూపిస్తుంది. మజ్దూర్‌ని ఎవరూ చూపించరు. నిజం చెప్పాలంటే మేం కూడా చూపించుకోలేదు. తాతల పరగణాల కథలు చెప్పుకున్నాం గానీ మిల్లులో పని చేసిన తాతల కథలు చెప్పుకోలేదు.

మేం ఎక్కే బస్సుకే ఒక చరిత్ర ఉంది. 1932లో నిజాం రైల్వే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టింది. 1934లో వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు వచ్చింది. రైల్వే, సింగరేణి గనులు, సిగరెట్ ఫ్యాక్టరీ ఉండనే ఉన్నాయి. ఆనాడే మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ ఒక మాట ప్రచారంలో పెట్టింది. 'అనల్ మలిక్'. అంటే ఈ రాజ్యంలో ప్రతి ముసల్మానూ ఏలికే. మిల్లులో యంత్రం ముందు నిలబడిన ముసల్మాన్‌కి ఆ మాట వల్ల ఒక గంట పని తగ్గలేదు, ఒక అణా కూలి పెరగలేదు. పొట్ట ఖాళీగానే ఉంది, తల మీద మాత్రం కిరీటం పెట్టారు.

ఆ కిరీటం అబద్ధమని చెప్పినవాడు మఖ్దూం మొహియుద్దీన్. 1908లో మెదక్ జిల్లా అందోలులో పుట్టాడు. సిటీ కాలేజీలో పాఠాలు చెప్పాడు. ఉద్యోగం వదిలి కార్మికుల్లోకి వచ్చాడు. 1946లో ఏర్పడిన అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కి ఆయనే అధ్యక్షుడు. రాజ్ బహదూర్ గౌర్ ఆయన తోటి నాయకుడు. నువ్వు ఏలికవు కాదు మజ్దూర్‌వి, నీ పక్కన నిలబడ్డ హిందూ మజ్దూర్‌కీ నీకూ కూలి లెక్క ఒకటే అన్నది ఆ యూనియన్. మాకు దక్కిన మొదటి నిజమైన గుర్తింపు అదే అని మేం అనుకుంటాం.

1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య వచ్చింది. మరుసటి ఏడు జాగీర్లు రద్దయ్యాయి. పెద్ద నవాబులకు పరిహారాలు, భవనాలు మిగిలాయి. సిపాయి, జవాను, చిన్న గుమాస్తా రోడ్డున పడ్డారు. ఏలికలన్న పేరుకి ఎన్నడూ ఏలనివాడు బాకీ తీర్చాడు. మఖ్దూం చెప్పిన మాటే ఖౌమ్‌లో బలంగా నాటుకుని ఉంటే మా చరిత్ర ఇంకోలా ఉండేదేమో.

మరి యూనియన్ మమ్మల్ని పూర్తిగా కలుపుకుందా? ఇక్కడ మా ఫిర్యాదు ఉంది. దసరాకి యంత్రానికి కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడితే అది కార్మికుల పండుగ. జుమ్మా నమాజ్‌కి అరగంట అడిగితే అది మతం! 1990 డిసెంబర్ అల్లర్లలో రోజులకు రోజులు కర్ఫ్యూ పెడితే పాతబస్తీ రోజుకూలీ ఇంట్లో పొయ్యి వెలగలేదు. పోయిన ఆ కూలి ఏ డిమాండ్ల పత్రంలో చేరింది? గోడ మీద మఖ్దూం ఫొటో ఉంటే చాలదు. ముసల్మానుతనాన్ని గేటు బయట విడిచి రమ్మంటే సగం మనిషే లోపలికి వస్తాడు.

ఇక మా ఇంటి సంగతి. యూనియన్ ముసల్మానుతనాన్ని విడవమంటే, ఖౌమ్ మజ్దూర్‌తనాన్ని విడవమంటుంది. కార్ఖానా సేఠ్ మావాడే, 'భాయ్' అని పిలుస్తాడు. కూలి పెంచమంటే బిరాదరీలో చీలిక తెస్తున్నావంటాడు. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు 200 మందికి పైగా పిల్లల్ని విడిపించారు. ఎక్కువమంది బీహార్ పిల్లలు. ఆ కార్ఖానాలు మా గల్లీల్లోనివే. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న హదీసు రంజాన్ తఖ్రీర్‌లో వింటాం. కార్ఖానా మెట్ల దగ్గర మరిచిపోతాం.

ఇప్పుడు ఆజంజాహీ మిల్లు లేదు. ఆల్విన్ లేదు. యూనియన్ అంటే ఫ్యాక్టరీ గేటు అనుకున్న కాలం పోయింది. సచార్ కమిటీ 2006లో లెక్క తేల్చింది. పనిచేసే ముస్లింలలో 61 శాతం మంది స్వయం ఉపాధి మీదే బతుకుతున్నారు. హిందువుల్లో అది 55 శాతం. మా ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ, 73 శాతం. స్వయం ఉపాధి అని పేరు పెద్దది. ఇంట్లో కూర్చుని జరీ కుట్టే అమ్మకి దారమిచ్చేదీ, ధర చెప్పేదీ ఇంకొకడు.

వీళ్లకి యూనియన్ కుదరదంటారు. బీడీ కార్మికుల్ని చూడండి. వాళ్లూ ఇంట్లో కూర్చునే చుడతారు. పోరాడితే 1966 చట్టం ఇంటి దగ్గర చేసే పనినీ పనిగా ఒప్పుకుంది. గుర్తింపు కార్డు, పీఎఫ్ వచ్చాయి. బీడీకి కుదిరింది జరీకి, గాజుకి ఎందుకు కుదరదు?

యూనియన్ బలమంటే బస్సులు ఆపడం ఒక్కటే కాదు. 2019లో సుమారు 48 వేల మంది ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేశారు. చివరికి షరతుల్లేకుండా చేర్చుకుంటామన్న సర్కారే, యూనియన్లకు బదులు డిపోల్లో సంక్షేమ కమిటీలు పెట్టింది. సమ్మె ఆఖరి ఆయుధం. రోజువారీ పని వేరే ఉంది. 2025 నవంబర్ 3న మా రోడ్డు మీదే, మీర్జాగూడ దగ్గర, కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది పోయారు. డ్రైవర్లిద్దరూ పోయారు. రోడ్డు వెడల్పు, లోడు బరువు, డ్రైవర్ పని గంటలు ముందే అడగాల్సిన సంగతులు. రోజుకి 8 గంటలని 1961 మోటారు రవాణా కార్మికుల చట్టమే అన్నది. ఒంటరి డ్రైవర్ అడిగితే తెల్లారి పని పోతుంది. అడగలేనివాడి తరఫున అడగడమే యూనియన్ పని. దాని లెక్కలు సభ్యుల ముందుండాలి. నాయకుడు యజమాని ఇంట్లో చాయ్ తాగి రాజీ చేసుకొస్తే అది యూనియన్ కాదు, దళారీతనం.

యూనియన్ రిజిస్టర్ చేయడానికి 1926 చట్టం ఏడు సంతకాలు చాలన్నది. 2001లో నిబంధన పెంచి పనివాళ్లలో పదో వంతో వంద మందో కావాలన్నారు. అయినా ఏడు అన్న కనీస సంఖ్య పోలేదు. మొయినాబాద్ అడ్డా మీద ఏడుగురు దొరకరా? ఒక దూదేకుల డ్రైవర్, ఒక మాదిగ మేస్త్రీ, ఒక షేక్ వెల్డర్, ఫామ్‌హౌస్‌లో వంట చేసే ఒక బీసీ అక్క, ఇంకో ముగ్గురు. అందులో మేం టోపీతోనే కూర్చుంటాం, బుర్ఖాతోనే సంతకం పెడతాం. కూలి గురించి మాట్లాడతాం, కర్ఫ్యూ గురించీ మాట్లాడతాం. సేఠ్ మావాడైనా సరే, లెక్క అడుగుతాం.