డాల్ఫిన్‌కు ఇంగ్లీషు నేర్పిన కథ

భాష మనిషికి మాత్రమే సొంతమని తరగతిలో పాఠం చెబుతూ వుంటే ఒక విద్యార్థి లేచి, "జంతువులకు భాష లేదని ఎవరు తేల్చారండీ? ఎలా తేల్చారు?" అని అడిగాడు. పాఠ్యపుస్తకంలోని జవాబే అప్పజెప్పి కూర్చోబెట్టాను. కాని అతని రెండో ప్రశ్న నన్ను వదలలేదు. వెతికేవాడి ప్రయోజనాన్ని బట్టే జ్ఞానం రూపు దిద్దుకుంటుందని మనమే కదా పిల్లలకు చెప్పేది! డాల్ఫిన్ల మీద జరిగిన పరిశోధనల చరిత్ర చదివాక ఆ మాట ఎంత నిజమో తెలిసివచ్చింది.

జాన్ లిల్లీ అనే అమెరికన్ నాడీశాస్త్రజ్ఞుడు 1961లో 'మాన్ అండ్ డాల్ఫిన్' అనే పుస్తకం ప్రచురించాడు. డాల్ఫిన్ మెదడు మనిషి మెదడంత పెద్దది. కనుక ఒకటి రెండు దశాబ్దాలలో మానవుడు మరో జీవజాతితో సంభాషించగలడని ఆయన ఆశ. అవి రోదసీ పోటీ రోజులు. అన్యగ్రహ జీవులతో మాట్లాడవలసి వస్తే ఇది పనికివస్తుందని నాసా డబ్బిచ్చింది. 1965లో వర్జిన్ దీవులలోని సెయింట్ థామస్‌లో, నీళ్ళు నింపిన ఇంట్లో, ఒక యువతి పీటర్ అనే డాల్ఫిన్‌తో పాటు పది వారాలు నివసించి దానిచేత ఇంగ్లీషు మాటలు పలికించడానికి ప్రయత్నించింది.

డాల్ఫిన్ ధ్వనులు గొంతులో పుట్టవు. తలమీది శ్వాసరంధ్రానికి దిగువన, నాసికా మార్గంలో పుడతాయి. మనిషి చెవికి సెకనుకు 20 వేల కంపనాల వరకే వినిపిస్తుంది; డాల్ఫిన్ చేసే టకటక శబ్దాలు లక్షను దాటిపోతాయి. అట్టి ప్రాణిని ఇంగ్లీషు అంకెలు వల్లించమన్నారు. పీటర్ ఆ మాటల ఎత్తుపల్లాలను కొంత అనుకరించింది. మాట మాత్రం రాలేదు. లిల్లీ కొన్ని డాల్ఫిన్లకు భ్రాంతులు కలిగించే ఎల్ఎస్‌డీ కూడా ఎక్కించాడు. చివరకు నిధులు ఆగిపోయాయి. పీటర్‌ను మయామీకి తరలించారు. అక్కడ కొద్దికాలానికే చనిపోయింది.

డబ్బిచ్చేవారు ఇంకా వున్నారు. అమెరికా నౌకాదళం 1970-71లో వియత్నాంలోని కామ్ రాన్ రేవులో డాల్ఫిన్లను కాపలా పెట్టింది. సోవియట్ యూనియన్ 1966లో డాల్ఫిన్ల వేటను నిషేధించింది, మెచ్చదగిన పని. కాని ఆ రాజ్యమే సెవాస్తపోల్‌లో వాటికి సైనిక శిక్షణ కూడా ఇచ్చింది. మొదటిది చెప్పి రెండోది దాచితే అది విమర్శ కాదు.

అసలు జ్ఞానం మరో దారిన వచ్చింది. ప్రతి డాల్ఫిన్‌కూ తనదైన ఈల వొకటి వున్నదని మెల్బా, డేవిడ్ కాల్డ్‌వెల్ దంపతులు 1965లోనే ప్రకటించారు. వారు విన్నవీ బందీలుగా వున్న డాల్ఫిన్లనే. అయితే మాట్లాడమని వాటిని నిర్బంధించలేదు; అవి పలుకుతున్నది విన్నారు. 2013లో స్టెఫనీ కింగ్, విన్సెంట్ జానిక్‌ల పరిశోధన వెలువడింది. స్కాట్లండు తీరంలో స్వేచ్ఛగా తిరిగే డాల్ఫిన్లకు వారు ఈలల నకళ్ళు వినిపించారు. తన ఈల విన్న డాల్ఫిన్ బదులు పలికింది. పరాయి ఈలకు అలా పలకలేదు. అంటే ఆ ఈల పేరులాంటిది. ఇంతమాత్రాన దీన్ని భాష అనలేము. ఆ ఈలలకు మన వ్యాకరణం వంటిది వున్నదని రుజువు కాలేదు. లేదని ముందే తీర్మానించడం కూడా శాస్త్రం కాదు.

లిల్లీ తెలివితక్కువవాడు కాడు. ఆయన ప్రశ్నలోనే లోపం వుంది. "నువ్వు నాలాగా మాట్లాడగలవా?" అనేది పాలకుడు వేసే ప్రశ్న. "నువ్వు ఏమంటున్నావు?" అనడానికి వినే వోపిక కావాలి. మనిషిని జంతువుతో పోల్చడం నా వుద్దేశం కాదు. నేను పోలుస్తున్నది అడిగేవాళ్ళను. ఇంగ్లీషులో జవాబు రాయలేని విద్యార్థికి విషయమే రాదనుకునే అధ్యాపకులు మన కళాశాలల్లో ఎందరో వున్నారు. తెలుగు చెప్పే నేనూ, యాసలో మాట్లాడిన పిల్లవాడి వాక్యాన్ని ముందు దిద్ది, తరువాత గాని అర్థం చేసుకోని రోజులున్నాయి.

మరుసటి వారం తరగతిలో ఆ విద్యార్థిని లేపి, నేను చెప్పిన జవాబు తప్పని వొప్పుకున్నాను. "మరి సరైన జవాబేమిటండీ?" అన్నాడు. ఈ కథంతా చెప్పాను.