దొరికింది విశాఖలో, పేరేమో బర్మా నదిది!

మా భవానీపురం నుంచి కృష్ణ వెంబడే పైకి వెళ్తే అవతలి గట్టున అమరావతి వస్తుంది. అక్కడ 1845లో స్తూపాన్ని తవ్వించి శిల్పాల్ని మద్రాసుకి తరలించిన వాల్టర్ ఇలియట్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. తర్వాత లండన్ చేరిన ఆ రాళ్ళని "ఇలియట్ మార్బుల్స్" అన్నారు కూడా.

ఈ దొరగారి ఖాతాలో ఇంకో కథ ఉంది. ఇది రాళ్ళ గురించి కాదు, ఒక జలచరం గురించి.

1852లో విశాఖపట్నం రేవులో ఒక వింత జంతువు దొరికింది. గుండ్రటి తల, డాల్ఫిన్లకుండే పొడుగు మూతి లేదు. అప్పుడు ఉత్తర సర్కారుల కమిషనర్‌గా ఉన్న ఇలియట్ ద్వారా అది లండన్‌లో రిచర్డ్ ఓవెన్ దృష్టికి వెళ్ళింది. "డైనోసార్" అన్న మాట పుట్టించింది ఈయనే. 1866లో ఓవెన్ దాన్ని పార్పాయిస్‌ల లెక్కలో వేసి "ఫోసీనా బ్రెవిరోస్ట్రిస్" అన్నాడు. బ్రెవిరోస్ట్రిస్ అంటే పొట్టి మూతిది అని. అదే ఏడాది జాన్ గ్రే దానికి "ఓర్కెల్లా" అని వేరే ప్రజాతి పెట్టాడు.

ఇంతకీ తేడా ఏంటంటారా? పళ్ళు చూడాలి. పార్పాయిస్ పళ్ళు పారల్లా చదునుగా ఉంటాయి, డాల్ఫిన్‌వి మొనదేలి ఉంటాయి. మొహం పార్పాయిస్‌లా ఉన్నా మనది డాల్ఫినే. మన తీరంలో ఉండే అసలు పార్పాయిస్‌కైతే వీపు మీద రెక్కే ఉండదు. దీనికి చిన్నది ఉంటుంది.

తర్వాత బర్మాలోని ఇరావడి నదిలో ఇవి బాగా కనపడటంతో లోకమంతా "ఇరావడి డాల్ఫిన్" అనేసింది. విశాఖ పేరు శాస్త్రగ్రంథాల్లో మిగిలిపోయింది. అయినా చిన్న విషయం కాదండోయ్. ఒక జాతి ఏదో తేల్చాల్సొచ్చినప్పుడు మొదట వర్ణించిన నమూనాయే ప్రమాణం. 2005లో ఆస్ట్రేలియా డాల్ఫిన్లు వేరే జాతి అని విడదీసినప్పుడు పాత పేరు మన విశాఖ జాతికే ఉండిపోయింది.

2017 నుంచి ఇది అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉంది. ముఖ్య కారణం వలల్లో చిక్కుకుని చావడమే. ఒడ్డుకి కొట్టుకొచ్చినదాన్ని "ఏదో పెద్ద చేప" అని పాతిపెట్టేస్తే, ఏ జాతి తగ్గిపోతోందో ఎలా తెలుస్తుంది? ఇలియట్ మన మొక్కల తెలుగు పేర్లన్నీ పోగుచేసి 1859లో "ఫ్లోరా ఆంధ్రికా" వేశాడు. మన జాలర్లు సముద్రజీవుల్ని ఏమని పిలుస్తారో, దేన్ని దేనితో ఎలా పోల్చుకుంటారో కూడా అలాగే రాసిపెట్టుకోవద్దూ? ఆ పనికి ఇంకో దొర రావాలా, చెప్పండి!